పెనుకొండలో గడువు దాటిన మనిషి

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు హిందూపురం స్టేషన్లో ఒక పాలవాడు నా కాళ్ళ మీద పాలు ఒలకబోశాడు. తప్పు అతనిది కాదు. రాత్రంతా బండిలో కూర్చుని వచ్చిన నేను మెట్టు చూసుకోకుండా దిగి అతని బిందెకు తగిలాను.

"చూసుకోని దిగప్పా. దేవునికి పొయ్యాల్సింది నీ కాళ్ళకు పోస్తి" అన్నాడు.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ దుడ్లు నీకాడనే పెట్టుకో. మొగం చూస్తే నిద్ర లేనట్టుండాది, పో, పొయ్యి కాఫీ తాగు" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నిద్ర లేనిది ఆ ఒక్క రాత్రి కాదని అతనికి చెప్పవలసిన పని లేదు.

నా భార్య సుభద్ర పుష్యమాసంలో చనిపోయింది. ఇది చైత్రం చివర. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాదిన్నర కావస్తున్నది. నెల్లూరులో నేను పనిచేసే గ్రంథాలయంలో కొత్త పుస్తకాలకు అట్టలు వేస్తూ కూర్చుంటే, హిందూపురం నుంచి ఆమె అన్న నాగభూషణం కార్డు రాశాడు: నాలుగు రోజులు వచ్చి ఉండండి, ఇక్కడ గాలి మారుతుంది. గాలి మీద నాకు నమ్మకం లేదు. వద్దని జవాబు రాయడానికి ఓపిక లేక బయలుదేరాను.

హిందూపురం

చింతపండు వచ్చే రోజులు. నాగభూషణం మండీలో నిలబడితే ఊపిరి కూడా పుల్లగా ఉంటుంది. బస్తాల మీద బస్తాలు, వాటి మీద కూర్చుని గింజ తీసే ఆడవాళ్ళు, వాళ్ళ మాటల్లో సగం తెలుగు, సగం కన్నడం. ఒక వాక్యం తెలుగులో మొదలై కన్నడంలో ముగుస్తుంది, ఎవరికీ అడ్డు అనిపించదు. మైసూరు రాష్ట్రం ఇక్కడికి కూతవేటు దూరం.

పొద్దున ఉగ్గాణి పెట్టారు. నానబెట్టిన బొరుగులను తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. మా నెల్లూరులో బొరుగులు పిల్లలు తినే వస్తువు. ఇక్కడ పెద్దవాళ్ళు దాన్ని తిని మధ్యాహ్నం దాకా బస్తాలు మోస్తారు. హోటల్లో ప్లేటు పాతిక నయాపైసలు. నయాపైసల లెక్క ఇంకా ఎవరికీ పట్టుబడలేదు, అందరూ నాలుగణాలు అనే అంటారు.

తిన్న తరువాత నాగభూషణం అసలు సంగతి చెప్పాడు. గాలి మార్పుకు మాత్రమే కాదు నన్ను పిలిచింది.

"పెనుకొండలో మా పక్కింట్లో హుసేన్‌బీ అని ఉండె. సుభద్ర చెప్పింటాది గదా బావా."

చెప్పింది. మా మామగారికి పెనుకొండలో కిరాణా అంగడి ఉన్న రోజుల్లో ఆ రెండిళ్ళకూ ఒకే పెరడు. హుసేన్‌బీకి దస్తగిరి అనే దర్జీతో పెళ్ళయింది. దేశం రెండయిన తరువాత అతను కరాచీలో దర్జీ కొట్టు పెట్టిన అన్న దగ్గరికి వెళ్ళాడు, ఆమె వెంట వెళ్ళింది. పిల్లలు లేరు. అక్కడ ఉన్నందుకు అక్కడి పాస్‌పోర్టు వచ్చింది. ఇప్పుడు దస్తగిరికి జబ్బు చేసి, పుట్టిన ఊరు చూడాలన్నాడు. మూడు నెలల వీసా మీద ఇద్దరూ పెనుకొండ వచ్చారు. ఆమె పుట్టింట్లోనే దిగారు. వీసా ముగియడానికి రెండు వారాలుందనగా అతను పోయాడు.

"పోతే ఆయమ్మ ఇద్దత్‌లో కూర్చుండాది. నాలుగు నెల్ల పది దినాలు గడప దాటకూడదు వాళ్ళలో. ఆ లోపల వీసా అయిపాయ. పొడిగించాలంటే మనిషే స్టేషనుకు రావాలంటారు పోలీసోళ్ళు. ఆయమ్మ రాదు. ఇప్పుడు బండెక్కించి పంపిస్తామంటాండారు. లేదంటే జైలంట."

మండీ గుమాస్తా రుద్రప్ప లెక్క రాస్తూనే అందుకున్నాడు. "గడువు దాటినాక ఉంటే నేరమే గదన్నా. ఎవురికైనా ఒకటే."

"నేరమంటే దేన్నో ఎత్తకపోవల్ల. ఆయమ్మ ఏం ఎత్తకపోయిందిరా?"

"దేశాన్నే ఇడిసిపెట్టి పోయిన్యారు. మళ్ళా ఈడ ఏం పని? మా చిన్నాయన కొడుకు కాశ్మీరులో మిలిట్రీలో ఉండాడు. వాన్నడుగు చెప్తాడు."

"కాశ్మీరులో తుపాకి పట్టుకోని నిలబన్నోడు వేరే. మూలలో కూర్చోని ఏడ్చే ఆడమనిషి వేరే."

"కాగితంలో రెండూ ఒకటేనన్నా" అన్నాడు రుద్రప్ప. అతని గొంతులో కోపం లేదు.

నాగభూషణం నా వైపు తిరిగాడు. "పైనుంచి ఒక ఆఫీసరు ధర్మవరంలో క్యాంపు ఉండాడంట. మాట్లాడేకి నాకు చింతపండు తప్ప ఏం రాదు. నువ్వు నాలుగు పుస్తకాలు చదివినోడివి. ఇంకోటి బావా... సుభద్ర సంగతి ఆయమ్మకు ఎవురూ చెప్పలేదు. చెప్పేకి మాకు నోరు రాలేదు."

పెనుకొండ దారిలో

పాసింజరు బండిలో పరిగి రైతు ఒకాయన నా ఎదుట కూర్చున్నాడు. ఒళ్ళో సంగటి మూట. ఎక్కడికి, ఎందుకు అని అడిగాడు. అడగకుండా ఉండడం ఇక్కడ మర్యాద కాదు. చెప్పాను.

"మా ఊరి గొర్రెలోళ్ళు ఎండాకాలం మైసూరు సీమకు పోతారు. వానలు పడేదాకా ఆడనే. ఏ గడువుంది? ఎవురు పట్టుకునిరి?" అన్నాడు.

పక్కన మడకశిర ఆయన నవ్వాడు. "అది దేశమాప్పా? రాష్ట్రం. ఆ తలకాయి ఉంటే నువ్వు గొర్రెలనే కాసుకుంటా ఉంటివి."

"గొర్రెలు కాసినోనికి గట్టు యాడుండాదో నీకంటే బాగ తెలుసులే" అని ఆయన మూట విప్పి, సంగటి ముద్ద, ఊరిబిండి నాకూ పెట్టాడు. వేరుశనగలతో చేసిన ఆ పచ్చడి కారానికి నా కళ్ళనుంచి నీళ్ళు కారాయి. ఇద్దరూ చాలా సంతోషించారు. గడువు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పెనుకొండ

స్టేషను నుంచి జట్కాలో ఊళ్ళోకి వెళ్ళాను. కొండ, కొండ మీద కోట గోడలు, కింద పాత గుళ్ళు, దర్గా. చూడవలసినవి చాలా ఉన్నాయని జట్కావాడు పేర్లు చెబుతూనే ఉన్నాడు. నేను ఏదీ చూడలేదు. వాటి గురించి రాసినవాళ్ళు ఉన్నారు.

హుసేన్‌బీ ఇల్లు దర్గాకు వెళ్ళే దారిలో సందులో ఉంది. ద్వారానికి గోనెసంచులు విప్పి కుట్టిన పరదా. ఆమె పినతల్లి, అందరూ ఖాలా అని పిలిచే ముసలావిడ, గడప బయట నాకు చాప వేసింది. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ పరాయి మగవాడికి కనిపించదు. మధ్యలో పరదా ఉండి, పక్కన పెద్దావిడ ఒకరు ఉంటే మాట్లాడవచ్చునట.

"ఎవురు ఖాలా?" అని లోపలినుంచి వినిపించింది.

"నెల్లూరు నుంచి వచ్చానమ్మా. సుభద్ర భర్తను."

లోపల మనిషి గబగబా జరిగిన చప్పుడు. "అయ్యో, మీరా అన్నా! ఖాలా, అన్నకు పాలు తీసుకరా, అరటిపండ్లు పెట్టు. సుబ్బు యాడ? జట్కాలోనే కూర్చోబెట్టి వస్తివా? పంపించన్నా. ఆడమనిషి లోపలికి రావచ్చు, దానికేం అడ్డం లేదు."

బండిలో ఈ మాట ఎలా చెప్పాలో రెండు మూడు విధాలుగా అనుకున్నాను. ఏదీ గుర్తు రాలేదు.

"సుభద్ర లేదమ్మా. పుష్యమాసంలో పోయింది."

ఖాలా పాలగ్లాసు నా ముందు పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. లోపల ఇద్దరూ ఏడుస్తున్నారని తెలుస్తున్నది. నేను సందులో పోయే మేకలను చూస్తూ కూర్చున్నాను.

"నాకెవురూ చెప్పలేదు" అన్నది చివరికి.

"ఉన్న దుఃఖానికి తోడు ఇంకొకటి ఎందుకని చెప్పి ఉండరు."

"ఉండే దాంట్లోనే కలిసిపోతుండె గదన్నా."

తరువాత ఆమె నాకు తెలియని సుభద్రను చెప్పింది. రంజాన్ పండుగనాడు పెరటి గోడ దగ్గర కూర్చుని వీళ్ళింటి సేమ్యా తినేదట. తిని, మూతి కడుక్కుని, వాళ్ళమ్మకు చెప్పవద్దని ఒట్టు పెట్టించుకునేదట. మా ఇంట్లో ఉల్లిపాయ వేసిన వంట కూడా ఏకాదశినాడు ముట్టని మనిషి.

"మీకు చెప్పలేదా?"

"లేదు."

"నేను చెప్పేస్తి చూడు. ఒట్టు పాయ" అన్నది. ఆ మాటకు ఇద్దరమూ కొంచెం నవ్వాము.

ఆమె అడిగింది: "మీరెన్నాళ్ళు కూర్చున్నారన్నా?"

"మాకు కర్మ అయ్యేదాకా పదిరోజులు. పదిహేనో రోజున పనికి వెళ్ళాను. మగవాడికి ఇంతకాలం ఇంట్లో ఉండాలని ఏమీ లేదు."

"అంతేనా" అన్నది. మళ్ళీ, "పాపం" అన్నది.

నన్ను చూసి చాలామంది అయ్యో అన్నారు. భార్య పోయినందుకు అన్నారు. కూర్చోవడానికి నాకు చోటు లేకపోయినందుకు అన్నది ఈమె ఒక్కతే. మా ఇళ్ళల్లోనూ భర్త పోయిన స్త్రీని మూల కూర్చోబెడతారు. ఆ మూలలో కూర్చున్న మా అమ్మను చూశాను, అందులో గొప్ప ఏమీ లేదని నాకు తెలుసు. హుసేన్‌బీ మాత్రం ఆ గదిని శిక్ష అనుకోలేదు. దస్తగిరి తలగడ ఇంకా అక్కడే ఉందట. దిండు గుడ్డ ఉతకలేదట.

"మీకు ఏం కావాలమ్మా? రేపు ఆఫీసరును అడుగుతాను."

"ఇద్దత్ ఈన్నే అయిపోవల్ల. ఆయన పోయిన ఇంట్లోనే. ఆఖరు దినం బయటికొచ్చి సమాధి చూడల్ల. ఇంతవరకు చూడలేదన్నా, ఎట్లుండాదో." మళ్ళీ అన్నది: "దాని తరవాత ఈడనే ఉండమంటే ఉంటా. ఆడ నాకెవురుండారు? ఆయన ఉండేది ఈడ. కానీ అది ఆఫీసరు చేతుల్లో లేదంట గదా. మొదటిదన్నా అడుగు."

సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ చెన్నప్ప వచ్చాడు. టోపీ చంకలో పెట్టుకుని, పరదాకు దూరంగా వీధి మధ్యలో నిలబడ్డాడు. ఈ సందులోనే పెరిగినవాడు. నన్ను పక్కకు పిలిచి, కేసు ముదరడానికి కారణం చెప్పాడు. అది నాగభూషణానికి కూడా తెలియదు.

హుసేన్‌బీ తమ్ముడు మహబూబ్ ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేస్తాడు. మనిషి స్టేషనుకు రావాలని నోటీసు రాగానే, అక్కను అడగకుండా, ఖాలాకు బురఖా వేసి తీసుకుపోయాడు. బురఖాలో ఎవరున్నారో ఎవరికి తెలుస్తుందని అతని ధైర్యం.

"పేరేమని అడిగితి స్వామీ. 'హుసేన్‌బీ' అనె ముసల్ది. 'చూడు ఖాలా, హుసేన్‌బీ గొంతు నాకు తెలీదా, చిన్నప్పుడు జామచెట్టు ఎక్కితే ఎన్ని తిట్లు తిట్టింది, ఆ తిట్లు ఇంకా చెవుల్లో ఉండాయి' అంటి. ముసల్ది బురఖా ఎత్తి, 'నీ మొగం మండ, ఊరికే ఉండరాదా చెన్నా' అనె. నేను ఊరికే ఉండేవాన్నే. పక్కన అనంతపురం నుంచి వచ్చిన ఎస్సై ఉండాడే!"

మోసం అని రాశారు. అంతవరకు గడువు దాటిన కేసు, ఆ రోజునుంచి మారువేషం కేసు అయింది.

"ఆయమ్మకు తెలుసా?"

"తెలీదు. తెలిస్తే మహబూబు గాన్ని పరదా లోపలినుంచే చంపుతాది."

ధర్మవరం

మరునాడు చెన్నప్పతో కలిసి బండెక్కాను. ధర్మవరంలో దిగగానే వీధి కాలవలో నీళ్ళు ఒకచోట ఎర్రగా, ఇంకొంచెం పోతే ఆకుపచ్చగా పారుతున్నాయి. గుంజలకు కట్టిన కర్రల మీద పట్టునూలు ఆరేశారు. ఇళ్ళలోనుంచి మగ్గాల చప్పుడు. ఇక్కడ నేసే చీరలు మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో చూసి ఉంటాను. సుభద్రకు ఒకటి కొంటానని అన్నాను, కొనలేదు. ఏ అంగడివైపూ తల తిప్పకుండా నడిచాను.

మహబూబ్ ముప్పై ఏళ్ళవాడు. మోచేతుల దాకా రంగు, ఒక చేయి నీలం, ఒక చేయి కుంకుమ. నన్ను చూసి, తన ఇంట్లో వండినది నేను తినననుకుని, అడగకుండానే బ్రాహ్మణ హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పించాడు. ఆకు విప్పి పెట్టి దూరంగా కూర్చున్నాడు. మీ అక్క ఇంటి సేమ్యా నా భార్య తినేదని చెప్పాలనిపించింది. ఒట్టు సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

ట్రావెలర్స్ బంగళాలో ఆఫీసరు మమ్మల్ని మధ్యాహ్నం దాకా వరండాలో ఉంచి, తరువాత లోపలికి పిలిచాడు. కోస్తా జిల్లాల మనిషి. వడదెబ్బ తగిలినట్టున్నాడు, తలకు తడి తువ్వాలు చుట్టుకున్నాడు. నేను తెలుగులోనే చెప్పాను. ఇంగ్లీషు అవసరం కాలేదు.

అంతా విని, "నేనేం కసాయివాణ్ణి కాదండీ. ఈ జిల్లాలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒకడు పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. ఒకామె ప్రసవానికి వచ్చి ఉండిపోయింది. ఎవరి దగ్గర చూసినా కారణం ఉంటుంది. కారణాలు వింటూ కూర్చుంటే గడువు అనేది ఎందుకు?" అన్నాడు.

"అయితే ఈమె నేరస్తురాలంటారా?"

"ఆ మాట కోర్టు చెబుతుంది. నన్నడిగితే, ఉండిపోయిందంటాను. కానీ వేరే మనిషిని పంపడం సంగతేమిటి? అది నేరం కాదా?"

మహబూబ్ రంగు చేతులు వెనక్కి దాచుకుని ముందుకొచ్చాడు. "నేను చేసిన పని సార్. మా అక్కకు తెలీదు. నన్ను పెట్టండి లోపల."

"నిన్ను పెడితే ఆమె వీసా పెరుగుతుందా?" అని ఆఫీసరు విసుక్కున్నాడు. చెన్నప్ప వైపు తిరిగాడు. "వారానికోసారి మనిషి హాజరు కావాలి. ముఖం చూపించదు, గడప దాటదు. పారిపోలేదని నువ్వెలా రాస్తావు? అసలు ఆ ముసలమ్మ ఆమె కాదని నీకెలా తెలిసింది?"

"గొంతు సార్."

"ఖాయంగా?"

"ఆయమ్మ గొంతు గుర్తు పట్టలేకపోతే ఉద్యోగం ఇడిసిపెడతా సార్."

ఆఫీసరు తువ్వాలు తీసి మళ్ళీ తడిపి చుట్టుకున్నాడు. ఆమె కాదని గొంతును బట్టి చెప్పగలిగినవాడు, ఆమే అయితే ఆ మాటా చెప్పగలడు. ఆ సంగతి గదిలో అందరికీ ఒకేసారి తట్టిందనుకుంటాను. పైకి మాత్రం ఆయనే అన్నాడు.

"ప్రతి శుక్రవారం పొద్దున వీధిలో నిలబడి పిలువు. పలికితే హాజరు. పలకకపోతే పరదా లేదు, ఏమీ లేదు, లోపలికి వెళ్ళు. ఇద్దత్ అయ్యేవరకే. ఆ తరువాత కేసు కేసే, బండి బండే. మారువేషం సంగతి కోర్టుదాకా పోకుండా చూస్తాను."

"ఆమె ఇక్కడే ఉండిపోవడానికి..." అన్నాను.

"అది నన్ను అడక్కండి. నా పైవాళ్ళనూ అడక్కండి. మీకు శ్రమ."

బయటికొచ్చాక మహబూబ్ నా కాళ్ళకు వంగబోతే పట్టుకున్నాను. నా చొక్కా చేతికి నీలం అంటింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

నెల్లూరులో

ఆ శుక్రవారం నేను పెనుకొండలో ఉండలేదు. ధర్మవరం నుంచే ఇంటి బండి ఎక్కాను. మిగిలినది, సుభద్ర సాంవత్సరికానికి నెల్లూరు వచ్చిన నాగభూషణం చెప్పాడు. ఆయన ప్రతి శుక్రవారం ఏదో పని పెట్టుకుని పెనుకొండ వెళ్ళి చూసేవాడట.

చెన్నప్ప పొద్దున వచ్చి, టోపీ పెట్టుకుని, వీధి మధ్యలో నిలబడి పిలిచేవాడు. "హుసేన్‌బీ! ఉండావా?"

"యాడికి పోతా? ఈన్నే ఉండా" అని లోపలినుంచి వచ్చేది. ఒక శుక్రవారం, "లేను. జామచెట్టెక్కి ఉండా, పట్టుకో రా" అన్నదట. సందులోవాళ్ళు నవ్వారు. చెన్నప్ప కూడా నవ్వి, హాజరు అని రాసుకుని వెళ్ళిపోయాడు. రానురాను అటు పోయేవాళ్ళు ఆ పిలుపు కోసం నిలబడి విని మరీ వెళ్ళేవారు.

ఇద్దత్ ముగిసిన రోజు ఆమె బయటికి వచ్చింది. ముందు సమాధి దగ్గరికి వెళ్ళింది. చెన్నప్ప వెనకాల దూరంగా నడిచాడు, తొందరపెట్టలేదు. మరునాడు కోర్టు. గడువు దాటి ఉన్నానని ఆమె ఒప్పుకుంది. నేరం చేసినట్టు తీర్పు చెప్పి, ఆ సాయంత్రం కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవడం శిక్ష అన్నారట. కూర్చుంది. ఇద్దరు పోలీసులు, ఒక ఆయా వెంట రాగా రైలెక్కించి సరిహద్దుకు పంపారు. ఉండనివ్వమని మహబూబ్ పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. కరాచీ చేరినట్టు ఒక కార్డు వచ్చింది. తరువాత రాలేదు.

"మన రుద్రప్ప అడిగె బావా, కోర్టు ఏమనె అని" అన్నాడు నాగభూషణం. "నేరమే అనిరి అంటి. 'నేనూ అదే అంటి గదన్నా' అనె. అని, సగం దినం పని చేయలేదు."

ఖాలా ఆ ఇంట్లోనే ఉంది. గోనెపరదా విప్పి బియ్యం బస్తాకు వాడుకుంటున్నది. చెన్నప్పకు మడకశిర బదిలీ అయింది. శుక్రవారం పొద్దున ఆ సందులో ఇప్పుడు ఎవరూ నిలబడి హుసేన్‌బీ అని పిలవడం లేదు.